మనవరాలి గుండెలో తూము

మొన్న నా మణికట్టులోంచి సన్నటి తీగ పంపి గుండె చూసి, మర్నాటికల్లా ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. చేతిలో దూరిన తీగ గుండెకెలా చేరిందయ్యా అని వీధిలో ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇలాంటి ప్రశ్నల మీదే మా ఊరు ఊరంతా మా అరుగెక్కి పంచాయితీ చేసిందని మీకు తెలియదు మరి.

మా అమ్మాయి కూతురు గుండెలోపంతో పుట్టింది. పసితనంలోనే మద్రాసులో కోసి, రక్తం నడిచే దారులు మార్చి కుట్టారు. బతికి బట్టకట్టింది గానీ, పెదవులెప్పుడూ నేరేడుపళ్ళు తిన్నట్టే ఉండేవి. మిరప కల్లంలో తోటిపిల్లలు పరుగులు తీస్తుంటే ఇది నాలుగడుగులేసి గట్టుమీద చతికిలబడేది. తెలియని చుట్టాలెవరైనా "నేరేడుపళ్ళు మాకు దాచలేదేమే" అని వేళాకోళమాడితే, నీలంగా ఉన్న నాలుక కూడా బయటపెట్టి వాళ్ళ నోరు మూయించేది.

బడికెళ్ళే ఈడొచ్చాక మళ్ళీ మద్రాసు తీసుకెళితే, లోపల చిన్న బెజ్జముందనీ, అందులోంచి చెడు రక్తం మంచి రక్తంలో కలుస్తోందనీ, దాన్ని మూస్తే పెదవులు ఎర్రబడతాయనీ, ఆనాడు దాన్ని వదిలింది తామేననీ డాక్టరు చల్లగా చెప్పాడు. వదిలారట! పకోడీ పొట్లం కట్టిన కాగితాలు కూడా విప్పి చదివి పైకొచ్చినవాణ్ణి, ఊరుకుంటానా? "మా గుంటూరు మిర్చి యార్డులో బస్తా మూతి కుట్టేవాడు కూడా కాయ జారే సందు వదలడయ్యా, నువ్వు గుండెకి వదిలావా?" అని లేచాను. అల్లుడు వెనక నుంచి చొక్కా లాగుతూనే ఉన్నాడు. డాక్టరు నవ్వి, తనదీ మా వైపే, చీరాలని చెప్పి, "కొత్తగా పోసిన కట్టకి తూము పెట్టకపోతే ఏమవుద్ది బాబాయ్‌గారూ?" అన్నాడు. తెగుద్దన్నాను. ఆ దారులు అప్పటికి కొత్తవి కాబట్టి ఒత్తిడికి తట్టుకోవని తూము వదిలారట. ఇప్పుడు తొడ దగ్గరి నరంలోంచి గొట్టం పంపి, ముందు తూముకి బుడగ అడ్డుపెట్టి చూస్తారట. కట్ట ఆగితే చిన్న గొడుగులాంటిది లోపల విప్పి మూస్తారు, ఆగకపోతే మూయకుండానే వెనక్కొచ్చేస్తారు. తూమని మొదటే చెప్పక బెజ్జమని ఎందుకన్నావని ఇంకాస్త కోప్పడ్డాను.

గొడుగన్న మాట ఊళ్ళో పడి అంతా మా అరుగెక్కారు. ఊచలు ఇనపవా అని వియ్యపురాలు, ఉరుములప్పుడు పిల్లని బయటికి పంపొచ్చా అని మా వదిన. చిన్నప్పటి నుంచీ బావా బావా అని పిలుచుకునే పక్కింటి సాయిబైతే, "ఏరా బావా, పిల్ల పెరిగితే ఆ గొడుగు పొట్టవ్వదంట్రా?" అన్నాడు. నాకూ నిద్ర పట్టక డాక్టరుకి ఫోను చేయించాను. దాని మీద కండ కమ్ముకుని గుండెలో కలిసిపోతుందన్నాడు. మా ఇంటావిడ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. పాప గుండెలో గొడుగు విప్పుకుంటే నీకూ గొడుగు పడతానని పెదకాకాని స్వామికి మొక్కేసింది.

గొట్టం పంపిన రోజు మద్రాసులో ఆపరేషను గది తలుపు బయట కూర్చున్నంతసేపూ నా కళ్ళముందు ఆ బుడగా, ఆ కట్టా తప్ప మరేమీ లేవు. చివరికి డాక్టరొచ్చి, "కట్ట ఆగింది బాబాయ్‌గారూ, మూసేశాం" అన్నాడు. ఇంటావిడ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఈసారి సందేమీ వదల్లేదుగదా అని మాత్రం అడగగలిగాను.

పెదకాకానిలో పూజారిగారు పట్టుగొడుగు కోసం చెయ్యి చాపితే, ఇంటావిడ సంచిలోంచి మీట నొక్కితే తెరుచుకునే నల్లగొడుగు తీసింది. ముడుచుకుని లోపలికెళ్ళి విచ్చుకునేదని డాక్టరు చెప్పాడు గదా, మాట తప్పుతానా అంది. ఆయన నవ్వాపుకుంటూ మీట నొక్కారు.

ఆ ఏడు కల్లంలో పిల్ల ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది. కాయలు తొక్కేస్తోందని కూలీలు కేకలేస్తే, తొక్కనివ్వండర్రా అన్నాను. దాని పెదవులకీ కాయలకీ రంగు తేడా తెలియలేదు నాకు.

నిన్న ఆ పిల్లే ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. నా మణికట్టు తిప్పి చూసి, "సందేమైనా వదిలారేమో అడిగావా తాతయ్యా?" అంది. అడగలేదు. ఇప్పుడు అందరూ ఫోనులో చూసి అన్నీ తెలుసుకుంటున్నారు, తెలియనివాళ్ళెవరూ మిగల్లేదు. అరుగు పడగొట్టి కారు పెట్టుకుంటున్నాం. గొడుగు పొట్టవ్వదంట్రా అని అడగడానికి ఆ బావా లేడు.