కోచ్ కారులోని చీటీ

ఆరేళ్ళుగా ఈ మాట నా గొంతులో అడ్డంగా ఉంది. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆదివారం లేచి సాక్ష్యం చెప్పుకోవచ్చు. కానీ అక్కడ సాక్ష్యం చివర విడుదల ఉండాలి, అందరూ స్తోత్రం అనాలి. నా కథకి అలాంటి చివర లేదు. పిల్లలు నిద్రపోయారు. రాస్తున్నాను.

మేం ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. మా ఆయన రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నేను ఎమ్మెస్సీ ఇక్కడే చదివాను. జోయెల్‌కి ఆరేళ్ళు రాగానే వాణ్ణి ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌లో చేర్చాం. అక్కడ చిన్నపిల్లలకి ఆట నేర్పే పెద్దాయన ఒకప్పుడు దేశం తరఫున ఆడినవాడు. పేరు రాయను. అందరూ కోచ్ అనేవాళ్ళు. మైదానం అంచున మిగతా తల్లులు నన్ను చూసి నవ్వేవాళ్ళు, ఎండా వానా గురించి ఒక మాట అనేవాళ్ళు, తర్వాత వాళ్ళ గుంపులో వాళ్ళు కలిసిపోయేవాళ్ళు. నేను గొడుగు పట్టుకుని నిలబడేదాన్ని.

ఒక శనివారం వానలో ఆట అయిపోయి అందరూ వెళ్ళిపోయినా కోచ్ కారు కదల్లేదు. జోయెల్‌ని మా కారులో కూర్చోబెట్టి, వెళ్ళి అద్దం తట్టాను.

"అంతా బాగానే ఉందా, కోచ్?"

"గ్రాండ్, గ్రాండ్." ఇక్కడ బాగున్నాననడానికి అదే మాట. స్టీరింగ్ పట్టుకునే అడిగాడు. "ఎటు తిరగాలో చెప్తావా?"

"ఎక్కడికి?"

"ఇంటికి."

హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎండ పడకుండా అద్దం పైన ఉండే అట్టని కిందికి దించాడు. వెనక ఒక చీటీ అంటించి ఉంది. "మా అమ్మాయి ఓర్లా రాసి పెట్టింది. కళ్ళద్దాలు మర్చిపోయాను. చదువు."

చదివాను. గేటు దాటాక ఎడమకి. చర్చి దగ్గర కుడికి. నీలం తలుపు. కింద ఇంకో వాక్యం ఉంది. అమ్మ ఇంట్లో ఉండదు నాన్నా, వెతకొద్దు. ఆయన భార్య పోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ వాక్యం పైకి చదవలేకపోయాను.

"అది నాకు తెలుసులే," అన్నాడు. "ఎవరితోనూ అనకు. ఓర్లాకి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే పిల్లల్ని నా దగ్గరికి పంపరు."

"అనను, కోచ్."

"అనవులే. నీకు మాత్రం ఇక్కడ చెప్పుకోడానికి ఎవరున్నారు?"

చెడ్డ మనసుతో అనలేదు. కానీ ఆ మాట ముల్లులా దిగింది. దాన్ని సాకుగా చెప్పడం లేదు. చెబుతున్నానా?

కొన్ని వారాలకి ఆయన గౌరవార్థం ఒక హోటల్లో రోస్ట్ పెట్టారు. మనిషిని వేదిక మీద కూర్చోబెట్టి, ఆయన ముఖం మీదే ఎగతాళి చేసి, అందరూ నవ్వే కార్యక్రమం. టీవీలో కనిపించే హాస్యగాణ్ణి పిలిచారు. కోచ్ గురించి సరదా సంగతులు అడగడానికి అతను క్లబ్ పిల్లల తల్లిదండ్రులకి ఫోన్ చేశాడు. నాకూ చేశాడు. ఈ ఊళ్ళో నన్నొకరు కథ అడగడం అదే మొదలు. పిల్లలందరినీ ఒకే పేరుతో పిలుస్తాడని చెప్పాను. అతను నవ్వలేదు. బూట్లు తారుమారు చేసి తొడుగుతాడని చెప్పాను. నవ్వలేదు. ఫోన్ పెట్టేస్తాడేమో అనిపించింది. అప్పుడు చీటీ గురించి చెప్పాను. అవతల పెద్ద నవ్వు. ఆ నవ్వుకి నా ఒళ్ళు పొంగిపోయింది.

తెలియక చేశానని అనలేను. మా వైపు పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వియ్యాలవారి మీద వేళాకోళం పాటలు కడతారు. కాలేజీ రోజుల నుంచి మా ఇంట్లో అవి కట్టేది నేనే. దానికో నియమం ఉంది, మా అమ్మమ్మ నేర్పింది. లేని లోపం కల్పించి పాడాలి. ధారాళంగా పెట్టేవాణ్ణి పిసినారి అనొచ్చు. నిజంగా కుంటేవాడి కాలి జోలికి పోకూడదు. ఇంత తెలిసిన మనిషిని. ఆయన కారు నడపడం ప్రమాదమని భయపడి ఉంటే ఓర్లాతో మాట్లాడవచ్చు, గార్డులకి, అంటే ఇక్కడి పోలీసులకి, చెప్పవచ్చు. నేను నవ్వించేవాడికి చెప్పాను.

ఆ సాయంత్రం కోచ్ తలకి కాగితం కిరీటం పెట్టారు. హాలంతా మాంసం గ్రేవీ వాసన. హాస్యగాడు ఆట వ్యాఖ్యాత గొంతు పెట్టి అరిచాడు. "గేటు దాటాడు, ఎడమకి! చర్చి దగ్గర కుడికి! ఎదురుగా నీలం తలుపు... అయ్యో, తాళం మర్చిపోయాడు!" వైన్‌తో ఎర్రబడ్డ నోళ్ళు తెరిచి జనం బల్లలు చరిచారు. కోచ్ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా, ఎప్పుడు నవ్వాలో పక్కవాళ్ళ ముఖాల్లో చూసుకుంటూ. అది నేను చూశాను. చూస్తూనే నవ్వాను.

చీటీలో అమ్మ గురించిన చివరి వాక్యం అతను వాడలేదు. ఆ మాత్రం సిగ్గు అతనికుంది. నేను అదీ చెప్పాను.

బయట కోట్లు తగిలించే చోట కోచ్ కూతుర్ని పట్టుకున్నాడు. "నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసే ఆ చీటీ?" ఓర్లా ఏడుస్తోంది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. అయిపోయింది అనుకున్నాను. "వచ్చినందుకు థాంక్స్, అమ్మా. మీరు ఎవరి తాలూకు?" అన్నాడు.

ఆయనకి గుర్తు లేదు. ఆ వాన, ఆ కారు, నేను. ఏమీ లేదు. నాకు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనుకున్నాను. నా జీవితంలో నాకు అన్నిటికంటే అసహ్యం ఆ హమ్మయ్య.

ఇప్పుడాయన కేర్ హోమ్‌లో ఉన్నాడు. అన్నీ మరిచిపోయాడు. కూతురి మీద కోపం ఒక్కటి పోలేదు. ఎందుకో ఆయనకే తెలియదు, ఆమె వస్తే మాత్రం గోడవైపు తిరుగుతాడు. ఓర్లా కొడుకూ మా జోయెల్ ఒకే క్లాసు. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో జోయెల్‌ని బడి నుంచి తెచ్చి అన్నం పెట్టేది ఆమే. పోయిన వారం మా వంటింట్లో కూర్చుని అంది. "నేను చెప్పలేదని ఇన్నాళ్ళూ గట్టిగా అనేదాన్ని. ఇప్పుడేమో, ఎప్పుడైనా తాగి వాగానేమో అనిపిస్తోంది. లేకపోతే ఆ చీటీ సంగతి అతనికి ఎలా తెలుస్తుంది, చెప్పు?"

"టీ చల్లారిపోతోంది, ఓర్లా," అన్నాను.

ఇక ఆయనకి చెప్పినా అర్థం కాదు. ఆమెకి చెబితే? జోయెల్‌కి ఆ ఇల్లు ఉండదు, నాకు ఈ ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహితురాలూ ఉండదు. ఇది భయమా, లెక్కా? రేపు చెబుతానని ఇక్కడ రాస్తే అదీ అబద్ధమే కావచ్చు. నిజమని తెలిసిన ఒక్కటే రాస్తాను. ఓర్లా తన తండ్రి సంగతి ఎవరికీ చెప్పలేదు, తాగి కూడా చెప్పలేదు. నేను చెప్పాను.

రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడటం కూడా నాకు రోతగానే ఉంది.