సరంగు గారి చల్లని ఇంజను

కాలేజీలో ఇంజన్ల పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో, రోజూ పొద్దున్నే లాంచీలో గోదావరి దాటి, అవతలి గట్టున భీమవరం బస్సెక్కేదాన్ని. చలికాలపు మంచులో ఏ గట్టూ కనిపించేది కాదు. కదులుతున్నామో, నిలబడి ఉన్నామో తెలిసేది కాదు. ఇంజను చప్పుడు, తెల్లటి పొగ, సగం కాలిన డీజిల్ వాసన. లాంచీ నడిపే సరంగు గారి భార్య వెనక బల్ల మీద చేపల బుట్టతో కూర్చుని, దారి పొడుగునా దగ్గేది.

ఒకరోజు ఇంజనును చల్లబరిచి బయటకు పడే నీటిధార కింద చెయ్యి పెట్టి చూశాను. ఏటి నీళ్లంత చల్లగానే ఉంది.

"చూశారా మేడం గారూ, మా ఇంజను ఎప్పుడూ వేడెక్కదండి," అన్నారు సరంగు గారు.

"అదేనండి చిక్కు. మరీ చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలదు. ఎక్కువ తాగుతుంది, పొగా ఎక్కువే."

"అయితే ఏం చేద్దామంటారు?" అన్నారాయన.

ఏటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు సగం మూయించాను. పొగ పలచబడింది. ఆ గర్వంతో వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం, నడి ఏట్లో, సగం మూసిన ఆ వాల్వుకు గుర్రపుడెక్క వేళ్లు అడ్డుపడి ఇంజనుకు నీళ్లందలేదు. ఆవిరి బుస్సుమంది. సరంగు గారు ఇంజను ఆపేశారు.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. లాంచీ మంచులో మెల్లగా తిరుగుతూ కొట్టుకుపోతోంది. ఎక్కడో, కనపడని రేవులో, ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. జనం గొంతులు కూడా తగ్గిపోయాయి. నాకు మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"తప్పు నాదేనండి," అన్నాను.

"కూర్చోండి మేడం గారూ. చల్లారనివ్వండి. ఈలోగా ఏరే మనల్ని లంక దగ్గరికి చేరుస్తుంది."

ఆయన భార్య బుట్ట జరిపి నాకు చోటిచ్చింది. "ఈ వారం దగ్గు తగ్గిందమ్మా," అంది నెమ్మదిగా.

లంక ఇసుకలో ఆగి, వేళ్లు లాగేసి, వాల్వు పూర్తిగా తెరిచి రేవు చేరాం. ఆ ఆదివారం పాత ట్రాక్టరులోంచి తీసిన థర్మోస్టాట్ తెచ్చి, మెకానిక్ చేత బిగింపించాం. ఇంజను తగినంత వేడెక్కేదాకా అది నీళ్లను లోపలే తిప్పుతుంది, ఆ తర్వాతే బయటకు వదులుతుంది. నీళ్లు తోడే గొట్టానికి జల్లెడ కట్టడం మాత్రం సరంగు గారి ఆలోచన. పొగ మళ్లీ పలచబడింది. డీజిల్ డబ్బా ఇంకో రెండు రోజులు ఎక్కువ వచ్చింది.

కొన్నాళ్లకు రేవులో మిగతా లాంచీల వాళ్లు వచ్చి అడిగితే, అంతా ఆయనే వివరించారు. నా పొరపాటు కూడా, నా ముందే, నవ్వకుండా.