అత్తమ్మ దస్తీ

సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే మా అత్తమ్మ కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపేది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక, కొత్త కోడలినైన నన్ను వెంటేసుకుని కోదాడ వైపో, మిర్యాలగూడ వైపో పాత చర్చిలు చూడ్డానికి బయల్దేరేది. నేను పూజగది ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని. ప్రతిచోటా గడప దగ్గరే నిలబడిపోయేదాన్ని. ఆమె ఎన్నడూ లోపలికి రమ్మనలేదు.

ఒకసారి ఓ రాతి చర్చిలో ప్రార్థన అయిపోయి, జనమంతా వెళ్లిపోయారు. అత్తమ్మ మాత్రం ఒక బెంచీ మీద తన పక్కన దస్తీ పరిచి కూర్చుంది.

"అంత ఖాళీనే గదా అత్తమ్మా, దస్తీ ఎందుకు?" గడప దగ్గర నుంచే అడిగాను.

"ఖాళీగుంటే ఎవలన్న కూసుంటరు బిడ్డా. ఇది నీకని ఆపిన."

చెప్పులు విడిచాను. ఆమె దస్తీ దులిపి, బస్సులోలాగే కిటికీ వైపు నాకు వదిలింది.