మంత్రిగారి నిరాహార దీక్ష

ఇది ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ రెండు వారాల పేజీల్లో ఎండ, వాన గురించి తప్ప ఏమీ ఉండదు. అప్పుడు నేనొక నోరులేని ప్రాణిని పస్తులుంచి దాదాపు చంపేశాను. అందుకు శిక్షగా నాకు పండితురాలని పేరొచ్చింది.

దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓట్లేసిన రెండేళ్ళకి అన్నయ్యకి డర్బన్‌లో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. వంటకి తోడుగా నేనూ విజయనగరం నుంచి వచ్చాను. సిడెన్‌హామ్‌లో ఒక ఇంటి వెనక రెండు గదుల్లో దిగాం. ఇంటామెని అవ్వా అని పిలిచేవాళ్ళం. ఆవిడ ముత్తాతలు చెరుకు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడ నోరు విప్పితే పోయిన మా తాతమ్మ మాట్లాడుతున్నట్టుండేది, మధ్య మధ్య జులూ మాటలతో. కూతురు ప్రేమక్క బళ్ళో సైన్సు టీచరు. ఆమెకి తెలుగులో తిట్లు మాత్రమే వచ్చు. మిగతా బతుకంతా ఇంగ్లీషే.

నాకొక జబ్బుండేది. ఎవరేం చెప్పినా తల ఊపడం. అర్థమైతే ఒకసారి, అర్థం కాకపోతే రెండుసార్లు.

కొత్త ప్రభుత్వం వచ్చాక ఆస్ట్రేలియాకి సామాను సర్దుకున్న టీచరొకామె, తన గాజుతొట్టిని ప్రేమక్కకి ఇచ్చి వెళ్ళింది. అందులో చిటికెన వేలంత న్యూట్ పిల్ల. న్యూట్ అంటే, బల్లి అవుదామా కప్ప అవుదామా అని ఆలోచిస్తూ మధ్యలో ఆగిపోయిన జీవి. మొన్నటిదాకా మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలతో ఈదేది. ఉన్నట్టుండి మొప్పలు పోయి, నీళ్ళలోంచి లేచి నాచు మీద కూర్చుంది.

"నిన్నటిదాకా నీళ్ళలో, ఇవాళ సీటులో. దీని పేరు మంత్రి," అంది ప్రేమక్క.

కొత్త పాఠాల ట్రైనింగని రెండు వారాలు ప్రిటోరియా వెళ్తూ నన్ను పిలిచింది.

"నేల మీద తినడం దీనికింకా తెలీదు. నువ్వే అలవాటు చెయ్యాలి. తిండి చిన్నదై ఉండాలి, బతికుండాలి, కదలాలి. కదలనిది దాని కంటికి తిండే కాదు. తెలిసిందా?"

తల ఊపాను.

"అలాంటివి దొరుకుతాయిగా?"

రెండుసార్లు ఊపాను.

మర్నాడు గరిటె పట్టుకుని పెరట్లో కూర్చున్నాను.

"ఏటి తవ్వుతున్నావే పిల్లా?" అంది అవ్వ.

"వానపాములు అవ్వా. మంత్రికి."

"అయికోనా," అని అవ్వ చెయ్యి అడ్డంగా ఆడించింది. జులూవాళ్ళ దగ్గర నేర్చిన ఆ మాటకి ఆవిడ ఇంట్లో అప్పీలు లేదు. "గోవిందుడి నెల. ఈ నెల్లాళ్ళూ నా కాంపౌండులో నీసు నేదు. నాకు నేదు, నీకు నేదు, నీ మంత్రిక్కూడా నేదు."

ఏం చేశానో మీకు తెలుసు. ఊపాను.

అలా మంత్రిగారు శాకాహారి అయ్యారు. చీపురుపుల్ల కొసకి మెతుకు గుచ్చి ముక్కు ముందు ఆడించాను. తినలేదు. కందిపప్పు ఆడించాను. బీన్స్ కూరలో గింజని కడిగి ఆడించాను. మా ఊళ్ళో పెళ్ళివారికి కూడా ఎవరూ అంత కొసరి కొసరి వడ్డించి ఉండరు. ఆయన మాత్రం పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు నోరు బిగించి గోడ వైపు చూశారు.

ఐదో రోజుకి డొక్కలు బయటపడ్డాయి. చచ్చిపోతే ప్రేమక్కకి ఏం చెప్పను? పస్తున్నవాడి ఎదుట తినడానికి మనసొప్పక నేనూ కంచంలో సగం వదిలేస్తున్నాను.

అవ్వ వచ్చింది. "అది తిన్నాదా?"

అడ్డంగా ఊపాను.

"నువ్వు తిన్నావా?"

మళ్ళీ అడ్డంగానే.

"దిష్టి," అని ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టుకొచ్చింది.

లైబ్రరీ పుస్తకంలో చదివాను, న్యూట్ చర్మానికి ఉప్పు తగిలితే విషంతో సమానమని. ఆ ముక్క చెప్పడానికి నోరు విప్పాలి. నాకు చేతకానిది అదొక్కటే. అందుకని తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. అవ్వ పక్కకి జరగమనలేదు. పిడికిలి నా చుట్టూనే మూడుసార్లు తిప్పి వెళ్ళిపోయింది.

ఆ శనివారం పూజ అయ్యాక చూస్తే, తొట్టి వలమూత పక్కన పళ్ళెంలో నాలుగు అరటిపళ్ళు. బొట్టు పెట్టి, పైన బంతిపువ్వు. మంత్రి కోసం అవ్వ మొక్కుకుని పెట్టిందన్నమాట. తియ్యొచ్చో లేదో అడగడానికి సిగ్గు. అడక్కుండా తియ్యడానికి భయం. వదిలేశాను. ఆదివారానికి మచ్చలు పడ్డాయి, మంగళవారానికి నల్లబడ్డాయి, బుధవారానికి కల్లు దుకాణం వాసన. నువ్వుగింజంత ఈగలు వచ్చి చేరాయి. పాపం ఆకలితో పోతున్నవాడికి, ఆఖరి రోజుల్లో ఈగల బాధ కూడా పెట్టానని ఏడుపొచ్చింది.

ఒక ఈగ వలకంతలోంచి దూరి నాచు మీద వాలింది. మంత్రిగారు తల తిప్పారు. తొమ్మిది రోజుల్లో ఆయన దేనికైనా తల తిప్పడం అదే మొదలు. ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు. నాలుక బయటికి రావడం నేను చూడలేదు. ఈగ లేకపోవడం మాత్రం చూశాను.

"అవ్వా" అని అరిచాను. ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా వినడం నాకే కొత్త. అవ్వ చెంగు దోపుకుని పరుగెత్తుకొచ్చేసరికి రెండోది కూడా అయిపోయింది.

"నీసు కదా అవ్వా," అన్నాను, మనసు ఆగక.

అవ్వ తొట్టిలోకి వంగి చూసింది. "పండు దేముడిది. పండు మీది ఈగ మటుకు ఎవలిది? తిన్నీ." తరవాత నల్లబడ్డ పళ్ళ వంక, నా వంక చూసి ఏదో అనబోయి ఊరుకుంది.

ప్రేమక్క వచ్చేసరికి మంత్రిగారికి బొజ్జ కూడా వచ్చింది. ఆమె పళ్ళెం చూసింది, ఈగలు చూసింది, నన్ను కావలించుకుంది.

"పండ్ల ఈగల్ని పెంచావా? సరిగ్గా అవే పెట్టాలి. ఏ పుస్తకంలో చదివావు?"

రెండుసార్లు ఊపాను.

"అయితే సోమవారం మా క్లాసులో నువ్వే చెప్పాలి."

నలభై మంది పిల్లల ముందు నిలబడ్డాను. అరటిపండు తెచ్చి బొట్టు పెట్టాలన్నాను. దాన్ని మరిచిపోవాలన్నాను. ఒక పాప చెయ్యెత్తి, "ఆంటీ, బొట్టు ఎందుకు పెట్టాలి?" అంది. సైన్సులో అది కూడా ముఖ్యమేనన్నాను. పాపం, వాళ్ళు నోట్సులో రాసుకున్నారు.

అందుకే, ఈ డైరీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కళ్ళ ముందు ఎవరు ఏ పండు పెట్టినా, ఎవరి కోసమా అని ఆలోచించకుండా అక్కడికక్కడే తినేస్తాను. ఎందుకీ ప్రమాణం అంటారా? మరుసటి ఏడాది అన్నయ్య పని మారి మేం ఇల్లు ఖాళీ చేసినప్పుడు, అవ్వ కారు కిటికీలోంచి నా ఒళ్ళో అరటిపళ్ళ అత్తం పెట్టి చెప్పింది:

"ఇవి నీకే పిల్లా, మంత్రికి కాదు. ఆనాడు పెట్టినవి కూడా నీకే. తిండి మానీసి పుల్లలాగైపోనావని పెట్టినాను. పోన్లే, ఎవలో ఒకలు తిన్నారు."