అక్కడక్కడా జల్లులు

ఇవాళ హాస్టల్ టీవీలో వాతావరణం చెప్పే ఆవిడ "అక్కడక్కడా జల్లులు" అనగానే మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలినట్టయింది. కల్లంలో కాయలు ఆరబోసినప్పుడు ఈ మాట వింటే మీ ఇళ్ళలోనూ గుండె గుభేలుమనేది కదూ?

మా నాయనమ్మయితే టీవీనే నిలదీసేది. "అక్కడక్కడా అంటే ఎక్కడమ్మా? ఊరి పేరు చెప్పు!"

"ఆవిడకి నీ మాట వినపడదమ్మా," అని నవ్వుతూనే నాన్న కాయల మీద కప్పే పట్టాలు బయటికి తీసేవాడు.

ఓసారి పంటంతా కప్పి కూర్చున్నాం. మాకు చినుకు పడలేదు. వాగు అవతల సుబ్బాయమ్మత్త కల్లం మాత్రం తడిసిపోయింది.

"మనకి పడలేదుగా!" అని గెంతాను.

"అక్కడ పడిందిగా. మబ్బింకా విడవలేదు," అంటూ నాయనమ్మ మా కాయల మీది పట్టాల్లో సగం లాగి, భుజానేసుకుని వాగు దాటింది.