శీలావతికి నా కాపలా

ఆ రోజుల్లో ఖాళీగా కూర్చోవడమంటే నాకు దొంగతనం చేసినంత భయం. నరసరావుపేటలో జువాలజీ చదివి, ఎనభైల్లో విజయపురి సౌత్ దగ్గర ఒక చేపపిల్లల కేంద్రంలో టెంపరరీగా చేరాను. తొలకరిలో తల్లి శీలావతి చేపకు వేరే చేప తలలోంచి తీసిన గ్రంథి రసం సూదితో ఎక్కించి, మగచేపలతో కలిపి చెరువులో కట్టిన గుడ్డతొట్టిలో వదలడం మా పని. గుడ్లు పెట్టడం చేప పని. (ఈ రెండో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.) నేను అరగంటకోసారి దాన్ని పైకెత్తి, పొట్ట నొక్కి, ఇంకా ఎందుకు పెట్టలేదని చూసేదాన్ని. రెండు చేపలు ఒక్క గుడ్డయినా పెట్టలేదు. మూడోదీ ఇంతే అయితే నన్ను ఉంచమని పైకి రాయలేనన్నారు పెద్దసారు. ఆడపిల్లకి చేపల ఉద్యోగమేందని నవ్విన మా వీధికి నేను తిరిగి మొహం చూపించాలి. తిండి సహించలేదు.

మూడో చేపకు పొద్దున్నే సూది వేశాం. నేను చెయ్యి నీళ్లలో పెట్టబోతుంటే వలలు లాగే సాయిబు మామ అడ్డొచ్చాడు.

"పురిటి గదిలోకి అరగంటకోసారి తొంగిచూస్తా ఉంటే ఏ తల్లి కంటది అమ్మాయ్? నిన్ను చూసే అది బెదురుతా ఉంది."

అని, చిక్కుపడిన వల ఒకటి నా ఒళ్లో పడేసి షెడ్డు వెనక కూర్చోబెట్టాడు. ఆ చిక్కులు తీసేసరికి పొద్దు వాలింది. (అవి తానే వేశానని తర్వాత ఒప్పుకున్నాడు.) వెళ్లి చూస్తే తొట్టినిండా నానిన సగ్గుబియ్యంలా గుడ్లు. గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను.

ఈసారి ఏం చేశావమ్మా అని సారు అడిగారు. "ఏమీ చెయ్యలేదు సార్," అన్నాను. ఆ మాట పైకెట్లా రాయాలని తల గోక్కుని, తనకు తోచిందేదో రాసి నన్ను ఉంచారు.

బెదిరిన చేప ఒంట్లో ఊరే హార్మోను మెదడుదాకా పోయి, గుడ్లు వదలమనే హుకుంను అక్కడే ఆపేస్తుందని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివి మామకు చెప్పాను. అంత చిన్న తలకాయలో కూడా చానా ఉందే అని ఆశ్చర్యపోయాడు. నిజానికి ఆ తొలకరిలో చేపలకన్నా ఎక్కువ బెదిరింది నేనే. అప్పటి ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టి, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులేవే అని చెప్పాలనిపిస్తుంది.