గుట్ట మీది ఇంటికి రెండు కప్పులు

భూపాలపల్లి దగ్గర గుట్ట మీద ఇంటి పనికి జఫర్‌గఢ్ వడ్రంగి పరశురాములు పోయేనాటికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊరూరా రాజుకుని ఉంది. ఇల్లు కోటేశ్వరమ్మది. గుంటూరు వైపు మనిషి, ఇక్కడే నర్సుగా చేసి రిటైరయింది. పెంకుల కింద పడవను బోర్లించినట్టు వంపు తిరిగిన చెక్క కప్పు కావాలంది. ఎండ దిగకుండా రెంటి మధ్యా జానెడు ఖాళీ ఉంచమంది.

చెక్కలు నానబెట్టి వంచి, కమానులకు బిగించడం అతని పని. ఖాళీ నింపడం మాత్రం తనే చూసుకుంటానంది. మూతి కుట్టిన సంచులు ఆటోలో వచ్చిన రోజు అతన్ని రావద్దని, వేరే కూలీలతో పైకెక్కించింది. పరశురాములుకు అనుమానం మొదలైంది.

భూపాలపల్లి దీక్షా శిబిరంలో పరిచయమైన తండా మనిషి వాల్యాకు ఆ సంగతి చెప్పాడు.

"గుట్ట మీద ఒక్కతికి ఇల్లెందుకన్నా? ఏం దాస్తున్నదో జర చూడు" అన్నాడు వాల్యా.

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. ఊరికి పోలేక పరశురాములు గుట్ట మీదే ఉండిపోయాడు. ఆమె ఫోన్లో గొంతు తగ్గించినా, తలుపు దగ్గరికేసినా ఏదో ఉందనిపించేది. ఒకరోజు ఆమె సంతకు పోగానే నిచ్చెనెక్కి, రెండు చెక్కలు ఊడదీసి ఒక సంచి కోశాడు.

వరి ఊక మొహం మీదికి ధారగా పడింది. దుమ్ముకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరందక కింద కూలబడ్డాడు. ఆమె తిరిగొచ్చి చూసి, మందు పీల్పించి, వీపు నిమిరింది.

"నీ ఆయాసం మొదటిరోజే విన్నానయ్యా. ఎండ ఆపడానికి నింపించిన ఊక ఇది, దీని దుమ్ము నీకు పడదనే రావద్దన్నాను."

"నాకు చెప్పకపోతిరి మేడం."

"జబ్బు మనిషివని పనిలోంచి తీసేస్తాననుకుంటావేమోనని."

అప్పుడామె తలెత్తి, ఊడిన చెక్కలు చూసింది. ఎందుకెక్కావని అడగలేదు. పరశురాములు తల దించుకున్నాడు.

శిబిరంలో ఊక సంగతి చెబితే వాల్యా నమ్మలేదు.

"ఒక్క సంచే చూసినవు. తక్కినవాట్ల ఏమున్నదో?"

పరశురాములుకు కోపమొచ్చింది. అయినా మర్నాడు పనిలోకి దిగగానే అతని కళ్లు కప్పు వైపే వెళ్లాయి. వెళ్లినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఊడదీసిన చెక్కలు తిరిగి బిగించి పని ముగించాడు. ఆమె వేళకు టీ ఇచ్చేది, మందు వేసుకున్నావా అని అడిగేది. సంతకు పోయేటప్పుడు మాత్రం అతన్ని బయటికి రమ్మని, ఇంటికి తాళం వేసుకుని పోయేది.